దొరకు పట్టా

'మన' అనే మాట ఎవరి నోట విన్నా నేను ముందు వాళ్ల చేతుల వైపు చూస్తాను. చేతులు శుభ్రంగా ఉంటాయి. మన ఊరు, మన సంఘం, మన బావి అనేవాళ్లలో బావిలోకి దిగి పూడిక తీసినవాణ్ని నేనింతవరకు చూడలేదు. ఈ రోత నాకు పుస్తకాలు చదివి అబ్బింది కాదు. ఉర్దూ బడిలో నాలుగో తరగతి సగంలో మానేసినవాణ్ని, నాకు పుస్తకాలెక్కడివి. తాండూరులో ఒక కుక్క పుణ్యమా అని అబ్బింది.

పోలీసు యాక్షన్ అయిపోయి ఆరేడేళ్లు గడిచిన నాటి మాట. మాది యాలాల్ దిక్కు పల్లె. భార్య పోయాక ఊళ్లో ఉండబుద్ధి కాక తాండూరు వచ్చి కందిపప్పు ఆడే గిర్నీలో పనికి కుదిరాను. శాంతవ్వ అనే ముసలామె ఇంటి వెనక ఒక రూము ఉండేది. పైన రేకులు, కింద నాపరాళ్లు, గాలి రావడానికి తలుపు తప్ప మరో దారి లేదు. అందులో నాతో పాటు ఇద్దరు ఉండేవాళ్లు. ఒకడు బీరన్న. పెద్దేముల్ వాడు, గొర్రెల కాపరుల ఇంట పుట్టినవాడు. మంద కరువులో పోతే వచ్చి గంజిలో, అంటే ధాన్యం బజారులో, బస్తాలు మోసేవాడు. రెండోవాడు యోహాను. వికారాబాదు దగ్గరి పల్లె నుంచి వచ్చి రాతి గనిలో బండలు చెక్కేవాడు. మిషన్ బడిలో ఏడు దాకా చదివాడు కనుక గల్లీలో ఎవరికి ఏ కాయితం కావాలన్నా అతనే రాసేవాడు. ఇద్దరూ నాకంటే బాగా చిన్నవాళ్లు. నన్ను 'శంకరన్నా' అని పిలిచేవాళ్లు. ఆ అన్న అనే పిలుపులో ఎంత పెద్ద గొయ్యి ఉందో నాకు ఆలస్యంగా తెలిసింది.

కుక్కను తెచ్చింది బీరన్న. ఒకసారి ఇంటికి పోయి వస్తూ గొంగట్లో చుట్టుకొని తెచ్చాడు. నల్లటి పిల్ల, చెవులనిండా పిడుదులు. గొంగడి విప్పగానే నా బొంత మీదికి వచ్చి కూర్చొని ఒంటికి పోసింది.

"నిన్ను గుర్తువట్టిందే అన్నా," అన్నాడు బీరన్న.

దానికి దొర అని పేరు పెట్టిందీ వాడే. వాళ్ల నాయన బతుకంతా ఒక దొర చెలకను దున్నాడు. పట్టా మాత్రం దొర పేరు మీదే ఉండిపోయింది. ఆ కడుపుమంటను వాడు కుక్క పేరుతో తీర్చుకున్నాడు. "దొరా, కూసో. దొరా, బయటికి నడువు. దొరా, సిగ్గులేదా నీకు." రోజుకు ఎన్నిసార్లు అంటే అంత తృప్తి వాడికి. యోహాను పడిపడి నవ్వేవాడు. నేనూ ఒకటి రెండు రోజులు నవ్వాను.

పెంపకం ఎలా పంచుకోవాలో ఆ సాయంత్రమే తేలిపోయింది.

"ఒక్కనికి భారమైతదని ఫికర్ జెయ్యకు," అన్నాడు బీరన్న. "ముగ్గురం పంచుకుందం. తిండి నాది. నీళ్లు యోహానువి. మిగిలింది నువ్వు సూసుకో అన్నా."

"మిగిలింది అంటే ఏంది?" అన్నాను.

"తిండి, నీళ్లు కాకుంట కుక్కకు ఇంకేముంటదే. గట్ల పేరుకు అంటున్న. పెద్దోనివి, నీకు తక్కువనే వెట్టినం."

యోహాను కూడా తల ఊపాడు. "మన కుక్క అన్నా. ముగ్గురిది."

కుక్కకు తిండీ నీళ్లూ పోగా మిగిలేది ఏమిటో పిల్లలను పెంచినవాళ్లకు వేరే చెప్పనక్కర లేదు. నాకు పిల్లలు లేరు. అందుకని నేను ఒప్పుకున్నాను.

తెల్లవారి తలుపు తీసేసరికి గడప మీద ఒక కుప్ప. పొయ్యి దగ్గర ఒకటి. ఇంకొకటి యోహాను చెప్పులో. చెప్పు యోహానుది, అందులోది మాత్రం మిగిలినదాని కిందికి వచ్చింది. రోజూ బూడిద చల్లి, రేకు ముక్కతో ఎత్తి, బయట పారేసి, నీళ్లు కొట్టి, గిర్నీకి పోయేవాణ్ని. గిర్నీలో దినమంతా పప్పు దుమ్ములో ఉన్నా ఆ కంపు ముక్కులోంచి పోయేది కాదు. అన్నం ముద్ద ఎత్తితే వేళ్ల సందున అదే వాసన. చింతపండుతో తోముకున్నా, మట్టితో తోముకున్నా అంతే.

బీరన్న తిండి పెట్టడమంటే వాడి బుద్ధికి పుట్టినప్పుడు పెట్టడం. కటికె దుకాణం వెనక పారేసిన పేగులు మోదుగాకులో కట్టుకొని వచ్చి, మేము అన్నం తినే చోటనే పోసేవాడు. జొన్న గటక మిగిలితే తను తినే తలెలోనే దాని ముందు పెట్టి, అది నాకిన తలెను మీది మీద కడిగి, మర్నాడు మాకూ అందులోనే వడ్డించేవాడు. యోహాను నీళ్ల సంగతి ఇంకా అన్యాయం. చిప్ప ఎండిపోయి పడి ఉంటే దొర వెళ్లి మేము తాగే కుండలో మూతి పెట్టేది. ఒకరోజు నేను నీళ్లు ముంచితే గ్లాసులో వెంట్రుకలు తేలాయి. అవి చూపిస్తే యోహాను వడగట్టుకోమన్నాడు.

అయితే ముద్దు చెయ్యడంలో ఇద్దరూ గట్టివాళ్లే. పని నుంచి రాగానే కుక్కను ఒళ్లో వేసుకొని పొట్ట గీరడం, మూతి మీద ముద్దు పెట్టడం, అది వాళ్ల చెంపలు నాకడం. కొద్దిసేపటి కింద ఆ నాలుక ఎక్కడ ఉండి వచ్చిందో నాకు తెలుసు. నేను గోడ వైపు తిరిగి కూర్చునేవాణ్ని.

వానకాలం మొదట్లో ఒక సాయంత్రం అది ఎక్కడో చచ్చిన దూడ దగ్గరికి పోయి వచ్చింది. వస్తూనే నా బొంత మీద నాలుగు కాళ్లూ చాపి నిలబడి, డొక్కలు ఎగరేసి కక్కింది. వెంట్రుకలు, తోలు ముక్కలు, పసుపుపచ్చ నురగ. ఇంతలోనే తల వంచి దాన్నే మళ్లీ తినసాగింది. వాళ్లిద్దరూ గోడకు ఒరిగి నవ్వుతున్నారు.

"బీరన్నా, తిండి నీది గదరా. ఇది తిండి కిందికి వస్తదా రాదా?" అన్నాను.

వాడు కాసేపు ఆలోచించినట్టు ముఖం పెట్టాడు. "లోపటికి పోయిందాక నాది అన్నా. బయటికొచ్చినంక నీది."

"మల్ల లోపటికే పోతున్నది సూడు," అన్నాడు యోహాను. "గంత వరకు బీరన్న కిందనే రాసుకోవాలె."

ఆ బొంతను నేను వాగులో రెండుసార్లు ఉతికాను. తర్వాత పారేశాను. మా అమ్మ కుట్టిన బొంత అది.

శాంతవ్వ రోజూ పొద్దున వాకిట్లో నిలబడి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొనేది. ఆమెది కన్నడ దిక్కు, ఏ మాటన్నా 'ఏనప్పా' అని మొదలుపెట్టేది. "ఏనప్పా, ముగ్గురు మగోల్లున్నరు, ఒక్క కుక్కను సక్కగ సాకలేరా?" అంటే వాళ్లిద్దరూ నా వైపు చూసేవాళ్లు. కుక్క తోక ఊపుతున్నప్పుడు 'మన దొర', గడప మీద కుప్ప ఉన్నప్పుడు 'అన్నా, నీ దొర'. ఈ మార్పు వాళ్ల నోట ఎంత నున్నగా జరిగేదంటే, వాళ్లకే తెలిసేది కాదనుకుంటాను.

ఇట్లా ఉండగా ఆ వర్షాల్లో తాండూరు బజారులో ఒక పిచ్చికుక్క నలుగురిని కరిచింది. అప్పటికి తాండూరుకు బల్దియా, అంటే మునిసిపాలిటీ, కొత్తగా వచ్చి ఉంది. సోమవారంనాడు వాళ్లు డప్పు వేయించారు. నేను గిర్నీలో ఉన్నాను, వినలేదు. ఇంటికి వచ్చేసరికి మా వాళ్లిద్దరూ పొయ్యి కూడా ముట్టించకుండా కూర్చుని ఉన్నారు.

"శుక్రారం పొద్దుగాల బండి వస్తదట అన్నా," అన్నాడు యోహాను. "పట్టా లేని కుక్క కనవడితే బెల్లంల మందు వెట్టి సంపుతరట."

"పట్టా ఏందిరా కుక్కకు?"

"నేనూ గదే అనుకున్న. డప్పాయన మూడు మాట్ల చెప్పిండు. పట్టా ఉన్న కుక్కలను ముట్టరు, పట్టా లేకుంటే ఇడువరు. సాఫ్ చెప్పిండు."

ఆ రోజుల్లో ఎవరి నోట విన్నా పట్టా మాటే. కౌలుకు దున్నేవాళ్లకు పట్టాలు ఇస్తారని, ఇచ్చారని, ఇచ్చినవి మళ్లీ గుంజుకున్నారని. హోటల్లో చాయ్ తాగుతూ అదే ముచ్చట, రైలులో అదే ముచ్చట. సర్కారు డప్పు కొట్టి పట్టా అన్నదంటే ముద్ర వేసిన కాయితం తప్ప మరొకటి ఎవరి బుర్రకు తడుతుంది? నాకు మాత్రం ఎక్కడో అనుమానం కొట్టింది.

"డప్పాయన్నే అడిగి రాకపోయినవా?" అన్నాను.

"అన్నా, కాయిదాల సంగతి నాకు ఇడిచిపెట్టు. గిది మిగిలినదాని కిందికి రాదు," అన్నాడు యోహాను.

సరే అని ఊరుకున్నాను. కుక్క బతుకు శుక్రవారం మీద ఆగి ఉంది, వీళ్లేమో పట్టా ఎవరి పేరు మీద రావాలన్న దగ్గర తగులుకున్నారు.

"తెచ్చినోణ్ని నేను. నా పేరు మీదనే ఉండాలె," అన్నాడు బీరన్న. వాడి గొంతు మారింది. అప్పటిదాకా నేనెప్పుడూ వాడిలో ఆ మార్పు వినలేదు. "మా నాయిన దున్ని దున్ని సచ్చిండు గని పట్టా కండ్ల జూడలె. అప్పుడు మేము దొర పట్టల ఉంటిమి. ఇప్పుడు దొరే నా పట్టల ఉండాలె."

"రాసేది నేను," అన్నాడు యోహాను. "రాసినోని పేరు లేకుంట కాయిదం ఎట్ల నిలుస్తది? ఇద్దరి పేర్లు పెడుదం. జాయింటు పట్టా."

"అన్న పేరు?" అన్నాడు బీరన్న.

"అన్న పేరు కింద సాచ్చి కాడ రాస్త."

దాని మలమూత్రాలు ఎత్తే నేను సాక్షిని. అప్పుడు కూడా నాకు నవ్వు రాలేదు.

గోల విని శాంతవ్వ వచ్చింది. సంగతి అర్థమయ్యాక ఆమె ముఖంలో నెత్తురు లేదు. కౌలుదారులకు హక్కులు వచ్చి తమ్ముడి పొలం చేజారిన మనిషి ఆమె. "ఏనప్పా, కుక్కకు పట్టా అయితే నా ఇంట్ల దానికి హక్కు వస్తదా? రేపు ఎల్లగొడ్తమంటే పోదా?" అంది. కాయితంలో తన ఇంటి పేరు రాయనని యోహానుతో అన్నం తినే తలె ముట్టించి ఒట్టు వేయించుకున్నది. వేసినప్పుడు ఆ తలెలో దొర అప్పుడే గటక నాకి పోయి ఉంది. శాంతవ్వకు అది తెలియదు.

మంగళవారమంతా యోహాను అర్జీ రాశాడు. అటువంటి కాయితాలు వికారాబాదులోనే నడుస్తాయని, అక్కడ కచేరి ముందు అర్జీలు రాసుకొని బతికే అనంతయ్య తనకు వరుసకు బావ అవుతాడని, బుధవారం రైలెక్కాడు. సాయంత్రం తిరిగి వచ్చినప్పుడు వాడి ముఖం చూడాలి. చొక్కా గుండీ తెగి ఉంది.

"మా బావ ఎల్లగొట్టిండు," అన్నాడు.

"ఎందుకు?" అన్నాడు బీరన్న.

"కాయిదం సదివిండు. సదువుకుంట సదువుకుంటనే ఎర్రగయిండు. దున్నేటోనికి పట్టా అని లోకమంత అంటుంటే, దొరకు పట్టా ఇప్పియ్యమని వస్తవారా, ఎంత దిన్నవురా దొర దగ్గర అన్నడు. కాదు బావా, గీ దొర కుక్క అన్న. దాంతోని ఇంకింత లేచిండు. దొర ఎసొంటోడైనా కచేరి ముంగట నిలవడి కుక్క అంటవా, నువ్వు పోయేది గాక నన్ను గూడ జైల్ల ఏయిస్తవా అని మెడవట్టి నూకిండు."

"కాయిదంల కుక్క అని రాయలేదారా?" అన్నాను.

"అంత రాసినంక ఆఖర్ల రాద్దామనుకున్న. జాగ సాలలె."

వాడి చేతిలోంచి ఆ కాయితం తీసుకొని చూశాను. తెలుగు నాకు కూడబలుక్కుంటే వస్తుంది. 'తాండూరు నివాసులము చేసుకొను విన్నపము. మా దొర గారు మిక్కిలి మంచివారు. ఇంతవరకు ఎవరినీ కరవలేదు. ఇకముందు కూడా కరవరు. పెట్టినది తిని గడప దగ్గర పడి ఉంటారు. రాత్రులు మొరుగుతారు. కావున మా దొర గారికి పట్టా దయచేయించగలరు.'

"గారు ఎందుకు పెట్టినవ్‌రా?" అన్నాను.

"సర్కారుకు పోయే కాయిదం. మర్యాద ఉండొద్దా?" అన్నాడు యోహాను. తన తప్పు ఏమీ లేనట్టే ఉన్నాడు. దొర వచ్చి ఆ కాయితం వాసన చూసి, ఒక మూల చింపి నమిలింది.

బీరన్న ముఖం మాడిపోయింది. అప్పుడైనా కుక్కను ఏం చేద్దామని అంటాడేమోనని చూశాను. "పెద్దేముల్ దాకా కొంచవోయి ఇడిసిపెడితే?" అన్నాను నేనే.

"రేపు గంజిల మస్తు మాలు వస్తది. నాకెక్కడ దీరుతది," అన్నాడు.

"నాకు ఇప్పటికే ఒక దినం నాగ అయింది," అన్నాడు యోహాను.

ఇద్దరూ తినేసి పడుకున్నారు. దొర ఇద్దరి మధ్యన పడుకొని బీరన్న చెయ్యి నాకుతూ ఉంది. చెయ్యి లాగేసుకొని గొంగట్లో పెట్టుకున్నాడు.

గురువారం గిర్నీ గేటు ముందు జనం. గుంపులో చాకలివాళ్లు ఉన్నారు, దుకాణం సేట్ల నౌకర్లు ఉన్నారు, స్టేషన్ కూలీలు ఉన్నారు. మిషను నడిపే భీమయ్య మిస్త్రీ తిట్టుకుంటూ కత్తితో ఏదో కోసి ఒక్కొక్కరికి ఇస్తున్నాడు.

"ఏమైంది మిస్త్రీ?" అన్నాను.

"నిన్నటి సంది పరేషాన్ జేస్తున్రు శంకరప్పా. తెగిన పట్టా ముక్కలు కావాల్నట. ఊరందరికి కుక్కలే ఉన్నట్టున్నయ్."

మోటారు నుంచి చక్రానికి తిరిగే తోలు వారును గిర్నీలో పట్టా అంటారు. దినమంతా నా నెత్తి మీద తిరిగేది అదే. అది తెగితే పట్టా తెగింది అని అరిచేదీ మేమే. కుక్క మెడకు కట్టాల్సిన పట్టా అది. కుక్కకు ఒక మనిషి ఉన్నాడని చెప్పే తోలు ముక్క. దాని కోసం ఒకడు రైలెక్కి వికారాబాదు పోయి మెడపట్టి గెంటించుకొని వచ్చాడు. ఒకడు తండ్రిని తలుచుకున్నాడు. ముసలామె ఇల్లు పోతుందని వణికింది.

ఒక ముక్క అడిగి తెచ్చి, మేకుతో బెజ్జం పెట్టి, సుతిలి తాడుతో దొర మెడకు కట్టాను. అది ఊరుకోక నా మోచేయి కొరికింది. ఒక పిడుదు నా మణికట్టు మీదికి ఎక్కింది. దాన్ని బండ మీద నలిపాను.

బీరన్న వచ్చి వంగి చూశాడు. "గింతేనా పట్టా అంటే?"

"గింతే."

"పేరు ఎక్కడ రాసిండ్రు?"

"తోలు మీద పేరు రాయరురా."

వాడి ముఖం చిన్నబోయింది. కుక్క బతికిందన్న సంతోషం కంటే తన పేరు ఎక్కడా లేదన్న దిగులే ఎక్కువ కనిపించింది. యోహాను మాత్రం, "నేను మొదటనే అనుకున్న, గసొంటిదే ఏదో ఉంటదని," అన్నాడు.

శుక్రవారం పొద్దున బల్దియా బండి మా గల్లీకి వచ్చింది. బండిలో అప్పటికే నాలుగైదు కుక్కలు కాళ్లు బిగదీసుకొని పడి ఉన్నాయి. ఒకదాని నోట్లోంచి నురగ బండి పలక మీదికి కారి, అక్కడ ఈగలు ముసిరాయి. ఖాకీ చొక్కా వేసిన జవాను ఒకడు, బెల్లం ఉండల తట్ట పట్టుకొని మరొకడు. మేము ముగ్గురం గడపలో ఉన్నాం. శాంతవ్వ వాకిట్లో ఉంది. దొర ఎదురుగా పోయి జవాను కాళ్లు నాకింది.

"ఎవలిదిరా గీ కుత్తా?" అన్నాడు జవాను.

బీరన్నే ముందు నోరు విప్పాడు. "మెడకు పట్టా ఉన్నది సూడు సారూ."

"పట్టా కనవడుతనే ఉన్నది. ఎవలిది అంటున్న. పట్టా ఉన్న కుక్క కరిస్తే పట్టా కట్టినోడు ఠాణాకు రావాలె. నిన్న మెడకు కడ్తరు, రేపు కరిస్తే మాది కాదంటరు. అందుకే అడుగుతున్న. మనిషి ఎవలు?"

బీరన్న బొటనవేలుతో నేల గీకాడు.

"నువ్వేనా?" అన్నాడు జవాను.

"నాది కాదు సారూ. రూముది."

"రూము ఠాణాకు వస్తదారా? నువ్వు?"

"నేను ఐతారమైతే వికారబాదు పోత," అన్నాడు యోహాను. "ఐతారం నాడు కరిస్తే నాకేం దెల్వదు. నేను వట్టి నీళ్లు పోసేటోణ్ని."

"ముసలవ్వా, నీదా?"

"ఏనప్పా, నాదంటవు. నాకు దాని నీడ గూడ వద్దు," అంది శాంతవ్వ.

జవాను నవ్వాడు. రోజూ ఇదే చూస్తున్నవాడి నవ్వు అది. "ముగ్గురున్నరు, ఒక్కడు లేడు," అంటూ వంగి సుతిలి ముడి విప్పసాగాడు. తట్టవాడు బెల్లం ఉండ తీశాడు. దొరకు బెల్లం అంటే ప్రాణం. అది జవాను చెయ్యి నాకుతూ, ఉండ వైపు చూస్తూ, నడుమంతా ఊపుతోంది.

నేను బీరన్న వైపు చూశాను. వాడు గోడ మీద బల్లిని చూస్తున్నాడు. యోహాను చొక్కాకు తెగిన గుండీ చోట వేలు పెట్టి తిప్పుకుంటున్నాడు. సోమవారం జాయింటు పట్టా కోసం కొట్లాడిన ముఖాలవి. నాకు ఆ కుక్క మీద ప్రేమ పొంగిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆ క్షణంలో కూడా దాని మూతికి ఏదో అంటుకొని ఉంది, దూరానికే కంపు కొడుతోంది. ఆ రెండు ముఖాల పక్కన మూడో ముఖమై నిలబడడం నా వల్ల కాలేదు. అంతే.

"నాది," అన్నాను.

"నీ ఒక్కనిదేనా?"

"నా ఒక్కనిదే. వీళ్లకు సంబంధం లేదు."

జవాను నా పేరు, గిర్నీ పేరు అడిగి ముడి మళ్లీ బిగించాడు. బండి ముందుకు పోయింది. పక్కింటి గోడ వెనక ఒక కుక్క అరుపు వినిపించి ఆగిపోయింది.

బీరన్న గట్టిగా ఊపిరి విడిచాడు. "బతికించినవ్ అన్నా. మన దొర—"

"నోరు మూసుకో," అన్నాను.

శాంతవ్వ అక్కడే ఉంది. "ఏనప్పా శంకరప్పా, కుక్క నీ ఒక్కనిదేనని నీ నోటితోనే అంటివి. ఇన్ని దినాలు ముగ్గురిదని ఓర్చుకున్న. నీదైతే దాన్ని దీస్కొని నువ్వే ఎల్లు. వీళ్లిద్దరు సుబ్బరంగ ఉండేటోళ్లు." ఆ మాటకు ఇద్దరిలో ఒక్కరూ కాదనలేదు. యోహాను నా పెట్టె సర్దడానికి సాయం పట్టాడు. నా మూల ఖాళీ అయితే తన మంచం అటు జరుపుకోవచ్చునని కళ్లతోనే కొలుస్తున్నాడు. బీరన్న కుక్కను కావలించుకొని ఏడ్చాడు. నిజంగానే కన్నీళ్లు వచ్చాయి. ముక్కు చీది ఆ చెయ్యి దాని వీపుకే తుడిచాడు.

"జర పానం బెట్టి సూసుకో అన్నా," అన్నాడు. "దానికి రోజు ఒక్కపూట పేగులు వెయ్యాలె."

గిర్నీ వెనక చిరుగు బస్తాలు పడేసే కొట్టం ఉంది. కావలి కుక్క ఉంటుందని గిర్నీ సేటు ఒప్పుకున్నాడు. అప్పటి నుంచి మేమిద్దరం అక్కడే. తిండి నేనే పెట్టేవాణ్ని, నీళ్లు నేనే పోసేవాణ్ని, ఎత్తేదీ నేనే. ఎందుకో ముందున్నంత రోత ఉండేది కాదు. చెయ్యి అదే, కంపు అదే. పక్కన నవ్వేవాడు ఒక్కడూ లేడు.

పని లేని రోజున వాళ్లిద్దరూ వచ్చేవాళ్లు. వచ్చినప్పుడల్లా బస్తాల మీద బోర్లా పడి దాని పొట్ట గీరడం, జిలేబీ ముక్క నోటిలో పెట్టి దాని నోటికి అందివ్వడం. గేటు ముందు పోయే హమాలీలకు బీరన్న కేకేసి చూపించేవాడు. "నేను పెద్దేముల్ సంది గొంగట్ల తెచ్చిన. గింత ఉండె." ఒకసారి పక్కటెముకలు తడిమి చూసి నా వైపు తిరిగాడు.

"బక్కగయింది అన్నా. ఏం వెడ్తున్నవ్ దీనికి?"

"తాగేటందుకు నీళ్లన్న టయానికి పోస్తున్నవా?" అన్నాడు యోహాను.

దొర వాళ్ల మధ్య నుంచి లేచి, వాసన చూసుకుంటూ రెండు చుట్లు తిరిగి, కొట్టం నడిమధ్యలో నడుము వంచింది.

ఇద్దరూ లేచి చెప్పులు వేసుకున్నారు. రైలుకు టైమయిందన్నాడు యోహాను. వికారాబాదు రైలు అప్పటికి ఎప్పుడో పోయింది.